గట్టు మీద జారిపడ్డాను

రాయచూరు జిల్లాలో బాళగనూరు దాటాక కాలువ కింద ఉన్న ఆ వలస రైతుల క్యాంపులో ఎవరికి ఎలాంటి దెబ్బ తగిలినా ఆసుపత్రిలో చెప్పే మాట ఒక్కటే. గట్టు మీద జారిపడ్డాను. తల పగిలినా అంతే, వేలు తెగినా అంతే, గొడ్డలి వెనక మడమ తగిలి వీపు చేటంత కమిలినా అంతే.

ఆ మాట ఊరికే పుట్టలేదు. ఒంగోలు వైపు నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్నవాళ్లు ఇంకా రేకుల పాకల్లో కాపురం చేస్తున్న రోజుల్లో, తూము దగ్గర నీళ్ల కోసం పైక్యాంపు వాళ్లకీ కిందిక్యాంపు వాళ్లకీ కొట్లాట జరిగింది. నీళ్లు ఎర్రగా పారాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెంచయ్య అనే రైతు వాళ్ల అన్నకి భుజం మీద కత్తి దిగి ఎముక తెల్లగా కనిపించింది. సింధనూరు ఆసుపత్రిలో డాక్టరు అడిగితే ఆయన అమాయకంగా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇంకేముంది, పోలీసులు దిగారు. రెండు క్యాంపుల మగవాళ్లూ కోర్టుల చుట్టూ తిరుగుతుంటే, వచ్చిన నీళ్లు కట్టేవాడు లేక పైరు ఎండింది. పిల్లలు గంజి తాగారు. అప్పుడు రెండు వైపుల పెద్దలూ కాలువ గట్టు మీదే కూర్చుని మాట అనుకున్నారు. ఎవడు ఎవణ్ణి కొట్టినా సరే, డాక్టరు అడిగితే గట్టు మీద జారిపడ్డానని చెప్పాలి. నీళ్ల దెబ్బ నీళ్లలోనే పోవాలి.

మగవాళ్ల కోసం పుట్టిన ఆ మాట ఆడవాళ్లకి ఇంకా బాగా అక్కరకొచ్చింది.

చెంచయ్య భార్య పున్నమ్మ ఆ మాటని తన పేరు చెప్పుకున్నంత తేలిగ్గా చెప్పగలదు. చెంచయ్య మంచి రైతే, కాదనడానికి లేదు. తూము తలుపు ఎత్తే ఇనప రాడ్డు ఒకటి ఆయన దగ్గరుండేది. నీళ్ల కొట్లాట అంటే ఆ రాడ్డు పట్టుకుని ముందు దూకేది ఆయనే. తర్వాత తర్వాత కాలువ మీద వంతులు వచ్చాయి, కొట్లాటలు తగ్గాయి. రాడ్డు మాత్రం ఇంట్లో తలుపు వెనక నిలబడే ఉంది. చెంచయ్య చెయ్యి కూడా తగ్గలేదు. బయట కొట్టడానికి ఎవరూ దొరకని చెయ్యి ఇంట్లో కొట్టడం నేర్చుకుంది.

నాట్ల రోజున కూలీలకి అన్నం ఆలస్యమైందని ఒకసారి చెంప మీద కొట్టాడు. పున్నమ్మ ఎడమ చెవిలో తుమ్మెద దూరినట్టు మోత మొదలైంది. కొన్నాళ్లకి ఆ మోతా పోయింది, దానితోపాటు మిగతా చప్పుళ్లూ పోయాయి. తమ్ముడు వస్తే అడక్కుండా బస్తా బియ్యం ఇచ్చిందని ఇంకోసారి రాడ్డు ఎత్తాడు. తల పగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటే మణికట్టు విరిగింది. కూతురు రమ్యశ్రీని నర్సు చదువుకి పంపాల్సిందేనని పట్టుబట్టిన రోజున గాదె పక్కన కిందపడేసి కాలితో తన్నాడు, తన్నిన చోటే తన్నాడు. పక్కటెముకలు కలిసిందాకా ఆమె పక్క మీద వాలలేదు, గోడకి ఆనుకునే నిద్రపోయింది. నుదుటి మీద చెంబు దెబ్బ ఉండనే ఉంది. ప్రతిసారీ డాక్టర్లు అడిగారు. ప్రతిసారీ ఆమె గట్టు మీద జారిపడింది.

రమ్యశ్రీ మాత్రం చదువుకుంది. మస్కట్‌లో నర్సుగా కుదిరింది, అక్కడే ఉద్యోగం చేసే కుర్రాణ్ణి చేసుకుంది. కోతలప్పుడు అమ్మానాన్నల్ని తన దగ్గరికి పిలిపించుకోవడం మొదలుపెట్టింది. క్యాంపులో పొలం పిల్లలకి అప్పగించిన ముసలివాళ్లు చాలామంది ఇప్పుడు అదే పని చేస్తున్నారు. కోత మిషన్లు దిగి, గడ్డి తగలబెట్టి, ఊరంతా దుమ్మూ పొగా కమ్ముకునే చలికాలంలో దేశం దాటిపోతారు. ఎండలు ముదరకముందే తిరిగొస్తారు. పున్నమ్మకి మరీ అవసరం, ఆమెది పిల్లికూతల ఉబ్బసం. వెళ్లని ఏడు కోతల దుమ్ములో నీలుక్కుపోతే ట్రాక్టరు మీదే సిరవార ఆసుపత్రికి పట్టుకుపోయారు.

ఊపిరి ఒక్కటే కాదు. మొదటిసారి మస్కట్ వెళ్లినప్పుడు టీ చల్లారిందని చెంచయ్య చెయ్యి లేపాడు. రమ్యశ్రీ ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది.

"నానా, ఇక్కడ గోడలు పల్చన. పక్కోళ్లు ఫోను చేశారంటే పోలీసులొస్తారు. వస్తే మన క్యాంపులో లాగా కాఫీ తాగి పోరు. నిన్ను తీసుకెళ్లి విమానంలో కూలేస్తారు."

చెంచయ్య ఆ చేతిని లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. ఆ చలికాలమంతా సముద్రం ఒడ్డున జేబులో చెయ్యి పెట్టుకునే తిరిగాడు. చూసినవాళ్లు ఎంత పెద్దమనిషో అనుకున్నారు. పున్నమ్మ పెళ్లయ్యాక మొదటిసారి తలుపు వైపు వీపు పెట్టి నిద్రపోయింది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఒంటి మీద దెబ్బ పడలేదు. మరుసటేడూ అంతే. ఏడాదికి ఒకసారి ఆ చలికాలం వస్తుందన్న ఆశే ఆమెని మిగతా నెలలు ఈడ్చుకొచ్చేది.

ఈ ఏడు చిక్కొచ్చింది. ఆధార్ ప్రకారం ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఇంతకుముందు విమానం టికెట్టుతో పాటు తేలిగ్గా దొరికే ప్రయాణం పాలసీ, అదే అక్కడ జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు భరించే పాలసీ, ఇప్పుడు పరీక్షలు చేయించుకుంటేగానీ ఇవ్వమన్నారు. పోనీ పాలసీ లేకుండా వెళ్దామా అంటే రమ్యశ్రీ ఒప్పుకోలేదు. నిరుడు పక్క క్యాంపు మిల్లు ఓనరు అలాగే వెళ్లి, అక్కడ గుండె పట్టేసి పడ్డాడు. మనిషి బతికాడు, మిల్లు పోయింది.

పాలసీలు రాసే ప్రమోద్ రాయచూరువాడు. వాళ్ల తాతల నాటి నుంచి బజార్లో బట్టల కొట్టు ఉంది. నోరు మంచిది, అందరికీ చుట్టమే. అతను చెప్పిన చోటికి రాయచూరు వెళ్లి ఇద్దరూ పరీక్షలు చేయించుకున్నారు. అక్కడి డాక్టరు స్ఫూర్తి కూడా ఆ ఊరి తెలుగుపిల్లే. చెంచయ్యకి బీపీ మాత్రలు తప్ప ఏమీ లేవంది. పున్నమ్మ ఎక్సరే చూసి మాత్రం ఆగింది.

"ఈ బొక్కలు ఎప్పుడు ఇరిగినయమ్మా? పక్కటెముకలు మూడు అతుక్కొని ఉన్నయి. చెయ్యి సుత ఇరిగినట్టుందే."

"గట్టు మీద జారిపడ్డానమ్మా."

"అన్నీ ఒక్కసారేనా?"

"కాదమ్మా. ఒకసారి చెయ్యి, ఒకసారి పక్క. నుదురు ఇంకోసారి."

"ఎడమ చెవు ఎప్పటి నుంచి వినొస్తలేదు?"

"అదీ పడ్డప్పుడే."

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. పున్నమ్మ కొంగు సర్దుకుని బయటికొచ్చింది. ఎప్పటిలాగే గండం గడిచిందనుకుంది.

*

గడవలేదు. ప్రమోద్ స్కూటరేసుకుని క్యాంపుకి వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి పున్నమ్మ టీ ఇచ్చింది. అతను టీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, చెంచయ్య రేటు ముందు చెప్పాడు. అది పర్వాలేదు. తర్వాత పున్నమ్మ రేటు చెప్పాడు. ఇద్దరి విమానం టికెట్లూ కలిపినా దానికి చాలవు.

"ఏంటీ?" అన్నాడు చెంచయ్య. "దానికా? నాకంటే చిన్నది గదా అది!"

"వయసు గాదు చెంచయ్యగారూ. ఆమె మాటిమాటికీ పడిపోతదంట గద. చెవు వినరాదు, దానితోటి పడుడు. కంపెనీవాళ్లు ఏమంటుండ్రంటే గిది తల తిరిగే బీమారి, ఆడికి పోయి పడితే మేం ఆగమైతం అని. ఇస్తే గీ రేటుకిస్తరు, లేకుంటే లేదు."

చెంచయ్య మొహం నల్లబడింది. "నువ్వేం చెప్పావే డాక్టరుకి?"

"ఎప్పుడూ చెప్పేదే."

"ఎన్నిసార్లు పడ్డానని చెప్పావు?"

"ఎన్నిసార్లు పడ్డానో అన్నిసార్లు."

చెంచయ్య చేతిలో ఉన్న స్టీలు గ్లాసు టీతో సహా ఎగిరొచ్చింది. అంచు సరిగ్గా కనుబొమ్మ మీద తగిలింది. వేడి టీ మెడ మీదుగా జాకెట్టులోకి పారింది, దాని వెనకే రక్తం వచ్చింది. పున్నమ్మ అరవలేదు. కొంగు కుక్కుకుని అక్కడే నిలబడింది. లోపల గదిలో టీవీ చప్పుడు పెరిగింది. కొడుకు నాగేంద్రబాబు అలవాటు అది. చిన్నప్పుడు ఈ చప్పుళ్లు మొదలైతే పొలానికి పారిపోయేవాడు, పెద్దయ్యాక టీవీ చప్పుడు పెంచడం నేర్చుకున్నాడు.

ప్రమోద్ దిగ్గున లేచాడు. "ఏంది చెంచయ్యగారూ గిది! పెద్దమనిషివి!"

"నువ్వు కూర్చోవయ్యా. ఇది మా ఇంటి సంగతి. ఎకరం కౌలంతా దీని ఒంటి మీద పొయ్యాలంట! ఎవరూ పోవద్దు. మస్కటూ వద్దు, మన్నూ వద్దు. ఈ దుమ్ములోనే పడుంటాం."

"నువ్వన్నా పోవచ్చు గద?"

"నేనొక్కణ్ణే పోతే అక్కడ నాకు వండేదెవరు? రమ్యకి డ్యూటీలాయె."

పున్నమ్మకి అప్పుడు గుండె జారింది. గ్లాసు దెబ్బకి జారనిది అప్పుడు జారింది. ఈ చలికాలం లేదు. దుమ్ముకి ఊపిరాడదు, ఆ చెయ్యి జేబులోకి పోదు. ఈ ఒక్క ఏడే కాదు, ఒంట్లో విరిగి అతుక్కున్న ఎముకలు ఎక్కడికీ పోవు గనక ఇక ఏ ఏడూ లేదు.

ప్రమోద్ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. వెనక వచ్చిన పున్నమ్మని చూసి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, ఒక మాట జెప్త. ఊకూకె పడితే గది రోగం. బండి గుద్దిందనుకో, ఎవడన్న నెట్టిండనుకో, గది రోగం గాదు. గదే ముక్క డాక్టరమ్మతోని రాయిస్తే రేటు తగ్గుతది. నువ్వు నిజంగ ఎట్ల పడ్డవో నాకెరుక లేదు." అని ఆమె కనుబొమ్మ వంక చూసి, "నేనైతే అడగ," అన్నాడు.

గొంతు తగ్గించినా ఈ మాట వరండాలోంచి చెంచయ్యకీ వినపడింది. ఆయనకీ మస్కట్ మీద ఆశ ఉంది మరి. సముద్రం ఒడ్డు, సాయంత్రం తోటి ముసలివాళ్లతో కబుర్లు, క్యాంపుకి తిరిగొచ్చాక కోసే గొప్పల కోతలు, అవన్నీ ఊరికే వదులుకుంటాడా! తెల్లారేసరికి ఉపాయం తట్టింది.

"మళ్లీ పోదాం. ఎద్దు పొడిచిందని చెప్పు," అన్నాడు.

"మన క్యాంపులో ఎద్దెక్కడిదయ్యా? అందరివీ ట్రాక్టర్లేగా?"

"ఆ పిల్లకేం తెలుసు? చెప్పమన్నది చెప్పు."

*

నాగేంద్రబాబు కారు తీశాడు. సిరవార మీదుగా రాయచూరు పోయారు. దారి పొడవునా కోత మిషన్లు లేపిన దుమ్ముకి పున్నమ్మ ఈల వేసినట్టు ఊపిరి పీలుస్తూ కూర్చుంది.

"ఏమమ్మా, మల్ల వచ్చినవు?" అంది డాక్టరు స్ఫూర్తి.

చెంచయ్యే అందుకున్నాడు. "మా ఆడది భయానికి తప్పు చెప్పిందండీ. అది పడలేదు. ఎద్దు పొడిచింది."

"అన్నిసార్లూ ఎద్దేనా?"

"పొగరుబోతు ఎద్దండీ. ఎంత చెప్పినా వినదు."

"గట్లనా. చెవు సుత ఎద్దే పొడిచిందా?"

"కొమ్ము తగిలింది."

"కొమ్ము లోపటికి పోకుంట చెవు పరద పగలగొట్టిందంటే మంచి పనితనమున్న ఎద్దే." డాక్టరమ్మ నవ్వలేదు. లేచి వచ్చి పున్నమ్మ గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పింది. కనుబొమ్మ మీద గాటు ఇంకా పచ్చిగానే ఉంది. "గిది నిన్నటిదో మొన్నటిదో. ఎద్దు ఇంట్లకొచ్చిందా అమ్మా?"

పున్నమ్మ చెంచయ్య వంక చూసింది. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద పిడికిలి బిగించి ఉంది. చెప్పు, ఎద్దని చెప్పు అంటోంది ఆ పిడికిలి. ఆమెకి ఒక్కసారిగా వింతగా తోచింది. ఇన్నేళ్లు గట్టు మీద జారిపడ్డానంటే తన పరువూ ఇంటి పరువూ నిలబడతాయనుకుంది. నిలబడ్డదేమిటి? నడక సరిగా రాని మనిషని పేరు నిలబడింది. నెత్తిన రెండు బిందెలు, చంకన ఇంకో బిందె పెట్టుకుని వరిచేల గట్ల మీద పరిగెత్తిన మనిషి! చేతులు వదిలేసి తూము మీద నడిచిన మనిషి!

"ఎద్దు కాదమ్మా," అంది. "గట్టూ కాదు. నేనెప్పుడూ జారిపడలేదు. మా ఆయన కొట్టాడు."

"పున్నీ!" అన్నాడు చెంచయ్య.

ఆమె ఆగలేదు. గొంతు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. వడ్ల రకాలు చెప్పినట్టు చెప్పుకుపోయింది. "చెవి చేత్తో కొట్టాడు. మణికట్టు రాడ్డుతో. పక్కటెముకలు కాలితో తన్నాడు. నుదుటి మీద చెంబు విసిరాడు. ఇది గ్లాసు. తల తిరగడం నాకు తెలవదమ్మా. కొడితే పడ్డా, అంతే."

చెంచయ్య కుర్చీ వెనక్కి పడిపోయింది. అది డాక్టరు గది అనిగానీ, తలుపు తీసి ఉందనిగానీ, బయట ఇంతమంది కూర్చున్నారనిగానీ ఆయనకి గుర్తు లేదు. చెయ్యి దాని అలవాటు కొద్దీ లేచింది. చెంప మీద పడిన దెబ్బకి బయట బెంచీల మీదివాళ్లు లేచి నిలబడ్డారు. ఇంకోటి కొట్టబోతుంటే డాక్టరమ్మ మధ్యలోకొచ్చి నిలబడింది. చెంచయ్య ఆమెనీ పక్కకి తోశాడు. బల్ల మీది సామానంతా నేల మీద పగిలింది. ఇద్దరు మగవాళ్లు వచ్చి ఆయన రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"నా రూంల! నా ముందట!" డాక్టరమ్మ ఫోను అందుకుంది. "అమ్మా, పోలీసులను పిలుస్త. కేసు పెడతవా?"

పున్నమ్మ నోట్లో రక్తం మింగింది. పోలీసులంటే ఎండిన పైరూ, గంజి తాగిన పిల్లలూ కళ్ల ముందు తిరిగారు. కానీ ఆమె వద్దన్నది అందుకు కాదు. "కేసు తర్వాత పెట్టుకోవచ్చు తల్లీ. కాగితం ఇప్పుడు కావాలి. నేను తూలిపడే మనిషిని కాదని రాసివ్వు."

"పరీక్ష చెయ్యకుంట రాయరాదు."

"చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

పగిలిన గాజు ఊడ్చేసి, డాక్టరమ్మ ఆమెని గది మధ్యలో నిలబెట్టింది. కాళ్లు దగ్గర పెట్టి, చేతులు ముందుకు చాచి, కళ్లు మూసుకోమంది. పున్నమ్మ మూసుకుంది. ఎడమ చెంప మీద అయిదు వేళ్లూ తేలి ఉన్నాయి. పెదవి చివర ఎర్రగా ఉంది. మనిషి మాత్రం చేలో నాటిన రాయిలా కదలకుండా నిలబడింది. ఒంటికాలి మీద నిలబడమంటే కొంగలా నిలబడింది. నేల మీది పలకల గీత వెంట నడవమంటే వెళ్లి వచ్చింది. గుమ్మంలో జనం నోళ్లు తెరుచుకుని చూశారు. వాళ్ల మధ్యలో నాగేంద్రబాబు కూడా ఉన్నాడు. అక్కడ చప్పుడు పెంచుకోవడానికి టీవీ లేదు.

"చాలమ్మా, కండ్లు తెరువు," అంది డాక్టరమ్మ. "నిన్ను నెడితే తప్ప నువ్వు పడవు."

*

ఆ సాయంత్రానికే ప్రమోద్ ఫోన్ చేశాడు. రేటు దిగొచ్చింది, ఇద్దరికీ సరిపోతుంది, రేపు డబ్బు కడితే పాలసీ చేతికొస్తుందన్నాడు. ఆ ఫోను పున్నమ్మే ఎత్తింది. చెంచయ్య ఆ మాట విననైనా లేదు. ఇంటికొచ్చినప్పటి నుంచీ వరండాలో చెప్పులు విప్పకుండా కూర్చుని ఉన్నాడు. ఇంటెనక పొలంలో కోత మిషను తిరుగుతోంది. దుమ్ము పసుపుపచ్చగా లేచి ఇంట్లోకి వస్తోంది. పున్నమ్మ కిటికీలు మూద్దామని లేచింది.

తలుపు వెనక ఇనుము గోడకి రాసుకున్న చప్పుడు ఆమె కుడిచెవికి తెలిసింది. తిరిగేలోపే మొదటి దెబ్బ వీపు మీద పడింది.

"నలుగుర్లో నా పరువు తీస్తావే? క్యాంపంతా నవ్వుద్ది రేపు!"

రెండో దెబ్బకి భుజం మొద్దుబారింది. ఆమె గాదె వైపు పాకింది. చెంచయ్య జుట్టు పట్టుకుని వెనక్కి లాగి గోడకేసి కొట్టాడు. దుమ్ముకి దగ్గు తెర వచ్చి పున్నమ్మకి అరవడానికి కూడా ఊపిరి లేదు. "చెప్పవే! ఇప్పుడు చెప్పు డాక్టరుకి! ఇప్పుడు చెప్పు!" మూడో దెబ్బ తల మీదికే వచ్చింది. ఆమె పక్కకి దొర్లింది. రాడ్డు గడప మీద పడి, ఇనుము జివ్వున అదిరి, డెబ్బై దాటిన చేతుల్లోంచి జారి నేల మీద దొర్లింది.

వాళ్లిద్దరి మధ్యా పడి ఉంది రాడ్డు. చెంచయ్య వంగేలోపు పున్నమ్మ చెయ్యి దాని మీద పడింది.

ఆ రాడ్డు బరువు ఆమెకి బాగా తెలుసు. కాకపోతే ఇన్నాళ్లూ రెండో వైపు నుంచి తెలుసు. మోకాళ్ల మీద లేచి, రెండు చేతులా ఎత్తి, ఒక్కటే వేసింది. మళ్లీ జుట్టు కోసం చాచిన చెంచయ్య కుడిచేతి మీద పడింది. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. చెయ్యి మధ్యలో, ఉండకూడని చోట వంగింది.

చెంచయ్య అరవలేదు. ముందు తన చేతిని చూసుకున్నాడు, తర్వాత ఆమెని చూశాడు. ఆమె రాడ్డు మళ్లీ ఎత్తింది. ఎత్తేసరికి ఆయన గోడకి ముడుచుకుపోయి, మిగిలిన చెయ్యి తలకి అడ్డం పెట్టుకున్నాడు. మోచెయ్యి పైకి, అరచెయ్యి బయటికి. అచ్చం తను పెట్టుకునేలాగే. పున్నమ్మ చేతులు గాల్లోనే ఆగాయి. నన్ను కొట్టేటప్పుడు నేను ఇలాగే కనిపించేదాన్నా, ఇలా కనిపిస్తుంటే ఇంకోటి ఎలా వేశాడు ఈ మనిషి, అనుకుంది. ఆ వెయ్యడం ఆమెకి చేత కాలేదు. రాడ్డు వరండాలోకి విసిరేసింది. అది పెద్దగా మోగింది.

నాగేంద్రబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల టీవీ ఆగిపోయి ఉంది.

"చూస్తావేంరా?" అంది పున్నమ్మ దగ్గుతూ. "మీ నాన్నకి తువ్వాలు కట్టు చేతికి. కారు తియ్యి."

నాగేంద్రబాబు తువ్వాలు కట్టాడు. తండ్రిని కారెక్కిస్తూ ఊరి అలవాటు కొద్దీ అడిగాడు, "నానా, ఆసుపత్రిలో ఏమని చెబుదాం?"

చెంచయ్య పళ్లు బిగపట్టుకుని ఎడమచేత్తో కారు తలుపు లాక్కున్నాడు.

*

సింధనూరులో చెయ్యి సరిచేసి కట్టు వేశారు. మర్నాడు మళ్లీ రాయచూరు పోక తప్పలేదు. పాలసీ ఇంకా చేతికి రాలేదాయె, కొత్తగా ఎముక విరిగితే చెప్పి తీరాలని, దాస్తే రేపు అక్కడ పైసా ఇవ్వరని ప్రమోద్ అన్నాడు. అతనే ముందుగా వచ్చి డాక్టరు గదిలో కూర్చున్నాడు. ఈసారి గుమ్మం దగ్గర ఇద్దరు మగవాళ్లని కాపలా ఉంచారు.

డాక్టరు స్ఫూర్తి చెంచయ్య కట్టు చూసింది. పున్నమ్మ వాచిన మొహం చూసింది.

"ఎట్ల ఇరిగింది?"

చెంచయ్య నేల వంక చూస్తున్నాడు. గదిలో ఎండ పడుతోంది. ప్రమోద్ ఉన్నాడు, కొడుకు ఉన్నాడు, గుమ్మం దగ్గర మనుషులున్నారు. తూము దగ్గర పదిమందికి ఎదురు నిలిచిన మనిషి. ఆడదాని చేత దెబ్బ తిన్నానని ఏ నోటితో చెబుతాడు!

పున్నమ్మ ముందుకు వంగింది. ఆమె గొంతులో వెటకారం లేదు. "చెప్పయ్యా. నిజం చెబితే రేటు తగ్గుద్ది. నేను చెప్పలా? నాకు తగ్గలా?"

చెంచయ్య పెదవులు కదిలాయి.

"అమ్మ చెప్పేది నిజమే నానా," అన్నాడు నాగేంద్రబాబు మెల్లగా. తండ్రి ముందు అమ్మ పక్షాన ఆ కొడుకు అన్న మొదటి మాట అది. "చెప్పెయ్."

"గట్టు మీద జారిపడ్డాను," అన్నాడు చెంచయ్య.

డాక్టరమ్మ రాసుకుంది. కట్టు కోసం చొక్కా చెయ్యి భుజం దాకా కత్తిరించి ఉంది. నిండు చేతుల లాల్చీల కింద ఇన్నేళ్లూ కనిపించని పాత గాట్లు బయటపడ్డాయి. భుజం మీద ఒకటి, మోచేతి మీద రెండు. ఆమె పెన్నుతో చూపించింది. "మరి గివన్నీ?"

పెద్దలు గట్టు మీద కూర్చుని అనుకున్న మాట ఉందిగా. నీళ్ల దెబ్బ సంగతి డాక్టరుకి చెప్పకూడదు. చెంచయ్య కత్తిరించిన చొక్కాని భుజం మీదికి లాక్కున్నాడు. "అవీ… గట్టు మీదే."

"అన్నీనా?"

"అన్నీ."

"బీపీ సుత ఉండె," అంటూ డాక్టరమ్మ ఇంకో రెండు ముక్కలు రాసింది. ప్రమోద్ నెత్తి పట్టుకున్నాడు. "అయిపాయె పో! చెంచయ్యగారూ, నువ్వు ఆమెకంటె ఎక్కువ పడ్డవు గద! గీ రేటుకు నీకు పాలసీ కొనే బదులు మస్కట్‌నే రాయచూరుకు తెప్పియ్యొచ్చు."

పున్నమ్మ భర్త వంక చాలాసేపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. చివరికి ఆమె ప్రమోద్ వైపు తిరిగింది.

"నాదొక్కటే కట్టు బాబూ," అంది.

*

హైదరాబాదులో విమానం ఎక్కడానికి తల్లీ కొడుకూ తెల్లవారాక బయల్దేరారు. చెంచయ్య వరండాలో మెడకి వేలాడేసిన కట్టుతో కూర్చుని ఉన్నాడు. పున్నమ్మ పెట్టె కారులో పెట్టించి, కొడుకుతో గట్టిగానే చెప్పింది. "నన్ను దింపి వచ్చాక మీ నాన్నని చూసుకో. కుడిచెయ్యి గదా, అన్నం కలిపి పెట్టు. ముద్దలు పెద్దవి పెట్టకు. ఆ రాడ్డు తీసుకెళ్లి తూము దగ్గర నీళ్లలో పారెయ్."

"పున్నీ," అన్నాడు చెంచయ్య. ఆ పిలుపులో కోపం ఉందో బతిమాలడం ఉందో ఆయనకే తెలిసినట్టు లేదు. ఆమె చెవిటి చెవి అటువైపే ఉంది. విన్నదో లేదో, కారెక్కింది.

క్యాంపు దాటాక కారు కాలువ గట్టెక్కింది. దుమ్ము లోపలికి రాకుండా పున్నమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అద్దంలోంచి చూసింది. ఇన్నేళ్లూ ఇంతమంది జారిపడిన గట్టు అది. రెండు ట్రాక్టర్లు పక్కపక్కన పోయేంత వెడల్పుంది. ఎర్రమట్టి గట్టిపడి, ఎండకి పలకలా మెరుస్తోంది. జారడానికి చారెడు బురద కూడా లేదు.